ప్లాస్మా మార్పిడిలో చివరి లీటరు

ప్లాస్మా ఎక్స్ఛేంజ్ (రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను యంత్రంతో తీసేసి, బదులుగా మరో ద్రవం ఎక్కించే చికిత్స) గురించి మాట్లాడినప్పుడల్లా బయటికి తీసేసే దాని మీదే దృష్టి నిలుస్తుంది. హాని చేసే యాంటీబాడీలు పోవాలి, నిజమే. కానీ యంత్రానికి మంచిచెడుల విచక్షణ లేదు కనుక రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్, ప్రోత్రాంబిన్, గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే యాంటీత్రాంబిన్ కూడా వాటితోపాటు అదే సంచిలోకి వెళ్లిపోతాయి. అందుచేత లోపలికి ఏ ద్రవాన్ని, ఏ వరసలో ఎక్కిస్తున్నామన్నదే ఈ చికిత్సలో సగం పని అని నా అభిప్రాయం.

70 కిలోల బరువున్న మనిషికి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 40 శాతం ఉంటే ప్లాస్మా సుమారు 2.7 లీటర్లు ఉంటుంది. అంత పరిమాణాన్ని ఒకసారి మారిస్తే రక్తనాళాల్లో ఉన్న పదార్థంలో దాదాపు 63 శాతం తొలగుతుంది. ఒకటిన్నర రెట్లు మార్చినా అది 78 శాతం దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే తీస్తున్న ప్లాస్మాలో మనం ఎక్కించిన ద్రవం అప్పటికే కలిసిపోయి ఉంటుంది.

ఎక్కువ సందర్భాల్లో ఎక్కించేది 5 శాతం ఆల్బుమిన్ (ప్లాస్మాలోని ఒక ప్రొటీన్) ద్రావణం. ఇన్‌ఫెక్షన్ల భయం, అలర్జీల బెడద తక్కువే గానీ గడ్డకట్టించే ప్రొటీన్లు అందులో లేవు. మార్పిడి ముగియగానే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పీటీ, ఏపీటీటీ రెండూ పెరుగుతాయి. గడ్డకట్టించే మిగతా ప్రొటీన్లు (ఫ్యాక్టర్లు) చాలావరకు ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటాయి. ఫైబ్రినోజెన్ మాత్రం అంతకన్నా నిదానం. రోజు విడిచి రోజు మార్పిడి చేస్తున్నప్పుడు అది పూర్తిగా పుంజుకునేలోపే మరో విడత వచ్చి పడుతుంది. పీటీ నుంచి లెక్కగట్టే ఐఎన్ఆర్ ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోవడం నాకు నచ్చదు. ఫైబ్రినోజెన్ బాగా పడిపోతే తప్ప ఆ సంఖ్యలో తేడా కనిపించకపోవచ్చు. ప్రతి విడతకూ ముందు ఫైబ్రినోజెన్ విడిగా కొలిపించాలి. డెసీలీటరుకు 100 మిల్లీగ్రాముల దిగువకు వస్తే ఆలోచించవలసిందే. బయాప్సీ గానీ కాథెటర్ మార్చడం గానీ ఉంటే అంతకన్నా ముందే.

ఊపిరితిత్తుల్లో రక్తస్రావంతో వచ్చిన రోగికి, లేదా నిన్ననే కిడ్నీ బయాప్సీ అయిన రోగికి ఆల్బుమిన్ ఒక్కటే సరిపోదు, ఎఫ్ఎఫ్‌పీ (దాతల నుంచి సేకరించి గడ్డకట్టించి నిల్వచేసిన ప్లాస్మా) కావాలి. దాన్ని మొదట్లో ఎక్కిస్తే పైన చెప్పిన లెక్క ప్రకారమే అందులో చాలా భాగం తిరిగి వ్యర్థాల సంచిలో చేరుతుంది. దాతలు ఇచ్చిన ప్లాస్మాను కరిగించి, వెచ్చబరిచి, చివరికి పారబోసుకున్నట్టే. కాబట్టి ముందు ఆల్బుమిన్ నడిపి, ఆఖరి లీటరు దగ్గర ప్లాస్మాకు మారడం మేలు. ఫైబ్రినోజెన్ ఒక్కటే తక్కువై, ద్రవభారం పెంచడం ఇష్టం లేకపోతే మార్పిడి ముగిశాక క్రయోప్రెసిపిటేట్ (ప్లాస్మా నుంచి తీసిన, ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే భాగం) ఇవ్వవచ్చు.

టీటీపీలో (చిన్న రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే జబ్బు) ఈ వరస పనికిరాదు. అక్కడ లోపించినది ఆడమ్‌ట్స్13 అనే ఎంజైమ్; అది ఆల్బుమిన్‌లో కాక దాత ప్లాస్మాలో దొరుకుతుంది కనుక మొదటి నుంచీ ప్లాస్మానే ఎక్కించాలి. ప్లాస్మా పెరిగిన కొద్దీ, అది గడ్డకట్టకుండా అందులో కలిపే సిట్రేట్ కూడా పెరిగి, రక్తంలోని అయనైజ్డ్ కాల్షియాన్ని (దేనికీ అంటుకోకుండా పనిచేసే కాల్షియం) పట్టేస్తుంది. రోగి పెదవులు తడుముకుంటూ వాటి చుట్టూ చిమచిమలాడుతోందని చెప్తే మానిటర్‌లో మార్పు కోసం ఎదురుచూడకూడదు. ప్రవాహవేగం తగ్గించి కాల్షియం గ్లూకోనేట్ మొదలుపెట్టాలి. కాలేయం దెబ్బతిన్నవారిలో సిట్రేట్ త్వరగా విచ్ఛిన్నం కాదు, కాబట్టి వారికి కాల్షియాన్ని ఆరంభం నుంచే జోడించి, మధ్యలో ఒకసారి అయనైజ్డ్ కాల్షియం పరీక్ష చేయిస్తాను.