రంగులు, చిగుళ్లు, ఒక ఇంటి కల

ఈమధ్య మళ్లీ బొమ్మలు వేస్తున్నాను. ఎంత హాయిగా ఉందో! ఫాల్గుణం సగం దాటేసరికి విశాఖలో మా ఎంవీపీ కాలనీ వీధిలో కానుగలన్నీ చిగురు తొడిగాయి. ఆ లేతాకుపచ్చ ఏ ట్యూబులోనూ దొరకదు. నిమ్మపండు పసుపులో ఆకుపచ్చ చుక్కంత కలిపి, నీళ్లు ఎక్కువ పోసి పల్చగా వేయాలి. ఎండ పడ్డ ఆకు అంచు దగ్గర అసలు రంగే వేయకూడదు, కాగితం తెలుపు అలాగే వదిలేయాలి. అది కుదిరిన సాయంత్రం నాకు ఆకలే వేయలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ తుఫానుకి ఊళ్లో చెట్లు కూలడం చూసినవాళ్లకి ఈ పచ్చదనం అంటే ఎంత ప్రాణమో తెలుసు.

బొమ్మల పుస్తకం చివరి పేజీల నిండా మాత్రం ఇల్లే. మధురవాడ వైపు చిన్నదైనా సొంతిల్లు కట్టుకోవాలని నాకూ మా ఆయనకీ ఎప్పటినుంచో ఆశ. తూర్పున వరండా, సముద్రపు గాలి అటునుంచే కదా. పెరట్లో వేపచెట్టు, గేటు పక్కన సింహాచలం సంపెంగ. "వంటింటి కిటికీ పెద్దది పెట్టవే" అంది అమ్మ. పెట్టాను. స్థలాల రేట్లు, లోన్ తలుచుకుంటే టెన్షనే, అయినా గీస్తుంటే గుండె నిండిపోతోంది. ఉగాది నాడు పచ్చడి తిన్నాక వరండాకి రంగు వేస్తాను. ఎర్ర గచ్చే, నాకు అదే ఇష్టం.