గొట్టంలో దూరిన ఏలికపాము

మా అబ్బాయికి ఊపిరి అందకపోవడానికి కారణం అందరూ ఊపిరితిత్తుల్లోనే వెతికారు. అది దొరికింది గొట్టంలో.

ఆషాఢంలో న్యుమోనియా ముదిరితే, చంద్రగిరి దగ్గరి మా పల్లె నుంచి వాణ్ణి తిరుపతి తెచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఐదేళ్ళవాడు. శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. కాస్త కుదుటపడుతున్నాడనుకుంటుండగా ఒక రాత్రి మానిటర్ ఆగకుండా మోగింది. ఆక్సిజన్ 70కి పడిపోయింది. కఫం అడ్డుపడిందనుకుని నర్సు సన్నటి పైపు పెట్టి లాగబోతే, అది లోపలికి దిగనే లేదు. డాక్టరమ్మ గొట్టాన్నే బయటికి తీసేశారు. దాని కొసలో ఇరుక్కుని, జానెడు పొడవున, ఇంకా మెలికలు తిరుగుతూ ఏలికపాము! కొత్త గొట్టం వేయగానే అంకె పైకెక్కింది.

ఈ పురుగులు ఉండేది చిన్నపేగులో. ఒళ్ళు కాలిపోయే జ్వరానికో, మత్తుమందులకో అవి చోటు వదిలి పాకుతాయట. అన్నవాహిక ఎక్కి గొంతుకు చేరితే, గాలిగొట్టం పక్కనే కదా! ఇది చాలా అరుదని చెప్పారు. మాకు మాత్రం జరిగింది.

అత్తయ్య వింటూనే, "బెల్లం ఎక్కువ పెట్టావమ్మా, అందుకే" అన్నారు. బెల్లానికి ఏ పాపమూ తెలియదు. ఈ పురుగుల గుడ్లు మలంతో కలుషితమైన మట్టిలో ఉంటాయి. వేసవిలో బోరు కింద వేరుశనగ పీకుతుంటే మావాడు గట్టు మీద కూర్చుని మట్టి కాయలే నమిలాడు. కడుపులో పడిన గుడ్డు పెద్ద పురుగు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నడుమ పిల్లపురుగులు రక్తంలో ఊపిరితిత్తులకు వెళ్ళి, గొంతుకెక్కి, మింగుడుపడి మళ్ళీ పేగుకే చేరతాయి. వేసవి చివర వాణ్ణి పట్టుకున్న పొడిదగ్గు అదే కావచ్చన్నారు డాక్టరమ్మ.

ఫిబ్రవరి 10న అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ బిళ్ళ వేశారు కూడా. అది అప్పుడు పేగులో ఉన్నవాటిని చంపుతుంది, తర్వాత మింగిన గుడ్లను ఆపలేదు. ఆగస్టులో మరోసారి వేసేది అందుకేనని నాకిప్పుడు తెలిసింది.

జ్వరం తగ్గి గొట్టం తీశాక 400 మిల్లీగ్రాముల బిళ్ళ ఇచ్చారు. విరేచనంలో మరికొన్ని పడ్డాయి. గొంతు బొంగురు పోయి కొన్నాళ్ళు మాట సరిగా రాలేదు. చుట్టాల దగ్గర ఈ సంగతి ఎత్తొద్దని ఇంట్లో అందరం అనుకున్నాం. గొంతు తెరుచుకోగానే మావాడు వీధిలో పిల్లలందరినీ పోగేసి, చేతులు బారజాపి ఆ పాము పొడవు చూపించాడు.