హ్యాండిల్ మార్చాక భీమిలి దాకా

ఈ ఉదయం ఆర్కే బీచ్ నుంచి భీమిలి వరకు బండి మీద వెళ్ళి వచ్చాను. చిటికెన వేలికి తిమ్మిరి ఎక్కలేదు! ఏడాదిగా రుషికొండ చేరకముందే చేతులు విదిలించుకునేవాణ్ణి. పాత హ్యాండిల్ బాగా కిందికి ఉండేది, ఒంటి బరువంతా అరచేతుల మీదే పడేది.

మొదట చాలా ఎత్తైనది బిగించి చూశాను. నడుము నిటారుగా నిలిచింది కానీ సముద్రపు గాలి ఛాతీని వెనక్కి నెట్టేది, గతుకుల దెబ్బ నేరుగా వెన్నుకు తగిలేది. చివరికి కాస్త ఎత్తు, కొద్దిగా వెనక్కి వంపు ఉన్న 22 మిల్లీమీటర్ల మందపు హ్యాండిల్ కుదిరింది. ఇప్పుడు మోచేతులు కొంచెం వంగి, భుజాలు వదులుగా ఉంటున్నాయి.

మెకానిక్ గారు హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, క్లచ్ కేబుల్, బ్రేక్ పైపు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూశాకే బండి ఇచ్చారు. ఆ శ్రద్ధ నాకు ఎంతో నచ్చింది. ఆదివారం నాన్నను వెనక కూర్చోబెట్టుకుని మళ్ళీ ఇదే దారి.