రెండు మైసూరులు

ఆదివారం. భోజనాలయ్యాక ఇంట్లో అందరూ నడుం వాల్చారు, నేను ఫొటోల పంచాయితీ ముందేసుకున్నాను. ఇంటి ఫొటోలు నా లినక్స్ డెస్క్‌టాప్‌లో ఒక సెట్టు, తమ్ముడి పాత మ్యాక్‌బుక్ నుంచి లాగి తెచ్చినది ఇంకో సెట్టు. రెండూ ఒకటేనని తేలితే ఒకటి తీసేయొచ్చు, డిస్కు నిండిపోతోంది.

ఫైళ్ల మధ్య తేడాలు చూపే డిఫ్ కమాండ్‌కి హైఫన్ ఆర్‌క్యూ తగిలించి రెండు ఫోల్డర్లూ చూపించాను. ఆర్ లోపలి ఫోల్డర్లన్నిట్లోకీ దిగుతుంది, క్యూ తేడా ఉందని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. ఫోల్డర్లను కాపీ చేసే ఆర్‌సింక్‌కి హైఫన్ ఎన్ ఇచ్చినా ఏదీ కాపీ చెయ్యకుండా జాబితా ఇస్తుంది గానీ, హైఫన్ సీ కూడా ఇవ్వకపోతే సైజూ తేదీ చూసి సరిపెట్టేస్తుంది. చెరిపే పనికి నాకు డిఫ్ మీదే గురి. 1974లో యూనిక్స్ ఐదో ఎడిషన్‌తో వచ్చిన పనిముట్టు, ఇంకా అరగలేదు.

మొదట డాట్ డీఎస్ స్టోర్ అనే ఫైళ్లు వరస కట్టాయి, మ్యాక్ ఎక్కడపడితే అక్కడ వదిలే చెత్త. హైఫన్ ఎక్స్‌తో వాటిని పక్కన పెట్టాక అసలు తమాషా మొదలైంది. మైసూరు ఫోల్డరు నా దగ్గర మాత్రమే ఉందట. ఆ కింది లైన్లోనే, మైసూరు తమ్ముడి దగ్గర మాత్రమే ఉందట! హైదరాబాదుదీ, పైడితల్లి జాతరదీ అదే వరస. అరకు, తిరుపతి, నెల్లూరు మాత్రం ఏ పేచీ పెట్టలేదు.

లోపలి బైట్లను విప్పి చూపే ఎక్స్‌ఎక్స్‌డీకి పేర్లను పంపి చూశాను. నా వైపు ఐత్వం ఒకే అక్షరం: ఈ0 బీ1 88. వాడి వైపు రెండు ముక్కలు: ఎత్వానికి ఈ0 బీ1 86, కింది కొమ్ముకి ఈ0 బీ1 96. పాత మ్యాక్‌ల ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, పేర్లను ఇలా విడగొట్టి రాసుకుంటుంది, లినక్స్ ఇచ్చినవి ఇచ్చినట్టే దాస్తుంది. అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో రెండూ సమానమే, బైట్లే చూసే డిఫ్‌కి ఆ లెక్కతో పని లేదు. తెలుగు గుణింతాల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే, అందుకే అరకుకి లేని గొడవ మైసూరుకి.

ఫైళ్ల పేర్ల ఎన్‌కోడింగ్ మార్చే కన్వ్‌ఎంవీకి ఎన్‌ఎఫ్‌సీ, అంటే కలిపిన రూపం, అని చెబితే పేర్లలో విడిపోయిన ముక్కలు కలిపేస్తుంది. ముందు ఏం మారుస్తుందో చూపిస్తుందే తప్ప ముట్టుకోదు, నోటెస్ట్ అంటేనే మారుస్తుంది. ఆ జాగ్రత్త నచ్చింది.

మళ్లీ డిఫ్ నడిపితే ఒకే ఒక్క తేడా మిగిలింది. సిరిమాను ఫొటో తమ్ముడు అంచులు కత్తిరించి అదే పేరుతో సేవ్ చేసుకున్నాడు. వాడిదే బాగుంది కూడా. సాయంత్రం ఫోన్ చేసి, రెండూ ఉంచనా అని అడగాలి.