డాక్టరు మొదట అడిగింది టైమే

పక్షవాతం వచ్చేటప్పుడు చాలామందికి నొప్పి ఉండదు. అందుకే ఇంట్లోవాళ్లు "కాసేపు పడుకుంటే అదే సర్దుకుంటుందిలే" అనుకుంటారు. మా అత్తయ్య కూడా అదే అనబోయారు, కానీ మాట ముద్దముద్దగా వచ్చింది.

మేం ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. పొద్దున కాఫీ గ్లాసు ఆవిడ కుడిచేతిలోంచి జారిపోయింది. ఎదురుగా కూర్చుని "అత్తయ్యా, ఒకసారి నవ్వండి" అన్నాను. మూతి ఎడమవైపుకే లాగింది. రెండు చేతులూ చాపమంటే కుడిచెయ్యి మెల్లగా కిందికి వాలిపోయింది. ఇంకేం చూడాలి? మా ఆయన వెంటనే 108కి ఫోన్ చేశారు.

ఈలోగా ఊరినుంచి మా ఆడపడుచు ఫోన్‌లో బీపీ మాత్ర ఇంకోటి వెయ్యమంటుంది, పక్కింటావిడ ఆస్పిరిన్ పట్టుకొచ్చారు. రెండూ వద్దన్నాను. రక్తనాళం పూడుకుపోయిందో చిట్లిందో స్కాన్ తీస్తేగానీ తెలియదు. చిట్లి ఉంటే ఆస్పిరిన్‌తో రక్తస్రావం పెరుగుతుంది. మింగలేని మనిషికి పడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయని గుక్కెడు నీళ్లు కూడా పట్టలేదు. పెద్దవాళ్ల మాట కాదనడం నాకు కష్టమే, అయినా తప్పలేదు.

వీధి చివర నర్సింగ్ హోమ్ వాళ్లు "ముందు తీసుకురండి, చూద్దాం" అన్నారు. సీటీ స్కాన్ ఉందా అని రెట్టించి అడిగితే లేదన్నారు. మెదడు, నరాల జబ్బులకి పెద్దాసుపత్రిగా నిమ్హాన్స్ పేరు అందరికీ తెలిసిందే, కానీ ఆఫీసుల వేళ హోసూరు రోడ్డు దాకా వెళ్లేకంటే, సీటీ, న్యూరాలజిస్టు రాత్రీపగలూ ఉండే దగ్గరి ఆసుపత్రికే పోనిమ్మన్నాం.

క్యాజువాలిటీలో డాక్టరు మొదటి ప్రశ్న: "ఆఖరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికి?" ఆరున్నరకి పాలప్యాకెట్లు తెచ్చి నాతో బాగానే మాట్లాడారని చెప్పాను. నాళంలో పూడుకున్న రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల్లోపే ఇస్తారు, ఆ లెక్క మనం గమనించిన క్షణం నుంచి కాదు, మనిషి చివరిగా బాగున్నప్పటి నుంచి. నిద్రలేచేసరికే ఇలా ఉంటే పడుకున్న టైమే చెప్పాలట. షుగర్ పడిపోయినా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ముందు వేలి నుంచి చుక్క రక్తం తీసి చూశారు, తర్వాత స్కాన్. రక్తస్రావం లేదు. ఇంజెక్షన్‌తో మెదడులో రక్తం కారే ప్రమాదం కొంత ఉందని చెప్పి సంతకం అడిగినప్పుడు మా ఆయన చెయ్యి వణికింది. అయినా పెట్టారు.

అత్తయ్యకి ఇప్పుడు మాట చాలావరకు వచ్చేసింది. కుడిచేతికి ఫిజియోథెరపీ నడుస్తోంది. డిశ్చార్జి రోజున డాక్టరు మరీమరీ చెప్పింది ఒకటే: ఇలాంటి లక్షణాలు పది నిమిషాల్లో వాటంతటవే తగ్గిపోయినా సరే, అదేరోజు వెంటనే ఆసుపత్రికి రావాలి, పెద్ద స్ట్రోక్ దాని వెనకే రావచ్చు.