నల్లగొండలో కూర్చుని టెక్సాస్ బోటు కార్డు తెచ్చుకున్నా

మా బావ డల్లాస్ పక్కన ఉంటాడు. పోయినేడు ఒక సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాడు, 150 హెచ్‌పీ మోటారుది. లూయిస్‌విల్ లేక్‌లో తిప్పుతుంటాడు. ఈ ఎండాకాలం నేను వాళ్లింటికి పోయేది ఖాయం కాగానే ఫోన్ చేసి, "టికెట్ తర్వాత, ముందు బోటు కోర్సు చెయ్యి" అన్నాడు. కూర్చుని వచ్చేవాణ్ని, నాకెందుకు బావా అంటే లెక్క చెప్పాడు.

టెక్సాస్‌లో 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హెచ్‌పీ దాటిన మోటారు బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి. మా బావి కాడ మోటారు 5 హెచ్‌పీ. అట్లాంటి మూడింటి బలం దాటితే చాలు, ఆ సర్టిఫికెట్ కార్డు కావాల్సిందే. బావ ఆ తేదీకి ముందే పుట్టాడు కాబట్టి ఆయనకు అక్కర్లేదు. ఆయన బోటులో ఉంటే కార్డు లేని నేనూ నడపొచ్చు. కానీ ఆ బోటు కొన్నదే వెనక ట్యూబ్ కట్టి, దాని మీద పడుకుని లాగించుకోవడానికి. ఆయన ట్యూబ్ మీదుంటే బోటులో మిగిలేది అక్క, పిల్లలు, నేను. అక్క పుట్టింది 1993 డిసెంబర్, నేను 1996. ఇద్దరికీ మినహాయింపు లేదు. "నాకు నీళ్లంటేనే భయం తమ్మీ, స్టీరింగ్ నాకియ్యకురి" అని అక్క ముందే తప్పుకుంది. అట్లా నా నెత్తిన పడింది.

అమ్మకు చెప్తే, "సాగర్‌ల కాలు పెట్టొద్దంటె అమెరికాల పోయి దిగుతవా" అంది. ఆమె సంగతి తర్వాత చూద్దామని ల్యాప్‌టాప్ తెరిచా.

కోర్సు మొత్తం ఆన్‌లైన్. ఎక్కడ కూర్చునైనా చెయ్యొచ్చు. అసలు చికాకు పాఠాల కంటే ముందే, ఫారం దగ్గర మొదలైంది. పిన్‌కోడ్ అడిగితే 508001 కొట్టా. తీసుకోలేదు, వాళ్లవి ఐదంకెలే. చివరికి అక్క వాళ్ల అడ్రస్ ఇచ్చా, ఎట్లాగూ కార్డు పోస్టులో వచ్చేది అక్కడికే. పుట్టిన తేదీలో ముందు నెల, తర్వాత రోజు. ఇది చూసుకుని నింపండి, ఎందుకంటే సర్టిఫికెట్‌తో పాటు ఫొటో ఉన్న ఐడీ కూడా బోటులో దగ్గరుంచుకోవాలి. మనకైతే అది పాస్‌పోర్టే. రెండింట్లో తేదీ తేడా ఉంటే అక్కడ బోట్లు తనిఖీ చేసే వార్డెన్‌కు ఏం చెప్పుకుంటాం?

తర్వాత డబ్బులు. డెబిట్ కార్డు పెడితే పేమెంట్ ఫెయిల్. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ రూలు ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలోనే పనిచేస్తాయి, విదేశీ లావాదేవీలు మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఆన్ చేశా. ఈసారి ఓటీపీ కోసం ఫోన్ వంక చూస్తూ కూర్చుంటే, ఓటీపీ అడక్కుండానే డబ్బులు కట్ అయ్యాయని మెసేజ్ వచ్చింది. ఒక్క నిమిషం టెన్షన్ పట్టుకుంది. విదేశీ సైట్లలో చాలాచోట్ల అంతేనట. పని కాగానే ఆ స్విచ్ మళ్లీ ఆఫ్ చేసేశా, మీరూ చెయ్యండి.

పాఠాలు కష్టమేం కాదు. కానీ ప్రతి పేజీకీ టైమర్ ఉంటుంది, అది అయిపోయేదాకా తర్వాతి పేజీ తెరుచుకోదు. గబగబా నొక్కేసి పరీక్షకు ఉరకడం కుదరదు. పగలు ఆఫీసు పని చేసుకుని రాత్రిళ్లు దీనికి కూర్చునేవాణ్ని. మధ్యలో కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్.

నా బుర్రకు ఎక్కడానికి టైం పట్టింది ఎడమ కుడి వ్యవహారం. హైవే మీద ఎడమ పక్కన పోయే అలవాటు మనది. నీళ్ల మీద రెండు మోటారు బోట్లు ఎదురుపడితే ఇద్దరూ కుడికి తిప్పాలి. అడ్డంగా దాటుతున్నప్పుడు నీ కుడి పక్క నుంచి వచ్చేవాడికి దారి నువ్వివ్వాలి. రాత్రయితే బోటుకు ఎడమ పక్క ఎర్ర లైటు, కుడి పక్క ఆకుపచ్చ లైటు. నీకు ఎర్రది కనిపిస్తోందంటే అవతలివాడి ఎడమ పక్క నీకు చూపిస్తున్నాడన్నమాట, అంటే వాడు నీ కుడి నుంచి ఎడమకు పోతున్నాడు, తగ్గాల్సింది నువ్వే. హారన్‌కూ లెక్కుంది. ఒక పొట్టి కూత వేస్తే నేను కుడికి తిప్పుతున్నా అని, రెండయితే ఎడమకు, ఐదయితే ప్రమాదం అని. మన దగ్గర లారీవాడు ఐదు కొట్టాడంటే సైడియ్యమని అర్థం.

ఇంకో ముఖ్యమైన సంగతి, బోటుకు బ్రేకులుండవు. నీళ్ల మీద బైకులా నడిపే జెట్ స్కీ అయితే ఇంకా విచిత్రం. ఎదురుగా ఏదో అడ్డమొచ్చిందని భయపడి థ్రాటిల్ వదిలేస్తే హ్యాండిల్ తిప్పినా తిరగదు, దాన్ని తిప్పేది వెనక నుంచి చిమ్మే నీళ్లే కాబట్టి.

తాడు కట్టి మనిషిని లాగడం గురించిన పాఠం రెండుసార్లు చదివా. నేను పోతున్నదే దానికి కదా. నడిపేవాడు ముందుకు చూడాలి, ట్యూబ్ మీద మనిషి వెనక ఉన్నాడు. రెండు పనులూ ఒక్కడి వల్ల కావు. అందుకే చట్టం ప్రకారం బోటులో నడిపేవాడు కాక వెనకే చూస్తూ ఉండే ఇంకో మనిషి ఉండాలి, వయసు 13 నిండాలి. లేదంటే 4 అంగుళాల ఎత్తు, 8 అంగుళాల వెడల్పుకు తగ్గని అద్దమైనా బిగించాలి. మా మేనకోడలికి పదకొండేళ్లు. "మామా, నేను చూస్త" అని వీడియో కాల్‌లో ఎగిరింది. నువ్వు లెక్కలోకి రావమ్మా అంటే అలిగి ఫోన్ పెట్టేసింది.

మోటారు మోతలో మాటలు వినపడవు కాబట్టి చేతి సైగలే దిక్కు. బొటనవేలు పైకంటే వేగం పెంచు, కిందికంటే తగ్గించు. మెడ మీద అడ్డంగా చెయ్యి ఆడిస్తే మోటారు ఆపు. నెత్తి తడుముకుంటే ఒడ్డుకు పోదాం పద. పడిపోయినవాడు రెండు చేతులూ తల పైన కలిపి పట్టుకుంటే నాకేం కాలేదు అని. పడ్డవాడి దగ్గరికి నెమ్మదిగా, వాడు నడిపేవాడి పక్కనే కనపడేటట్టు పోవాలి, మనిషిని ఎక్కించుకునే ముందు మోటారు పూర్తిగా ఆపాలి. న్యూట్రల్‌లో ఉంది కదా అనుకోవడం పనికిరాదు. తాడు వదులైతే నీళ్లలో తిరిగే మోటారు ఫ్యానుకు చుట్టుకుంటుంది, దాని మీద ఒక కన్ను ఉండాలి. లాగించుకునేవాళ్లు వేసుకోవాల్సింది మామూలు ఫోమ్ లైఫ్ జాకెట్. గాలితో ఉబ్బే రకం దీనికి పనికిరాదు. పదమూడేళ్ల లోపు పిల్లలకు 26 అడుగుల లోపు బోటు కదులుతున్నంత సేపూ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, సీటు కింద కాదు.

నేను ఎన్నడూ వినని సంగతి మోటారు పొగది. కార్బన్ మోనాక్సైడ్ బోటు వెనకే పేరుకుంటుంది, దానికి వాసనుండదు. అందుకని మోటారు నడుస్తుండగా వెనక మెట్టు మీద కూర్చోవద్దు, దాన్ని పట్టుకుని వేలాడొద్దు, తాడు మరీ పొట్టిగా ఉంచొద్దు అన్నారు. నడిపేవాడు పడిపోతే మోటారు దానంతటదే ఆగే తాడొకటి ఉంటుంది, ఒంటికి తగిలించుకునేది. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి అది తప్పనిసరి. బావకు చెప్తే, "ఆ ఎర్ర తాడా? డబ్బాలో ఉన్నట్టుంది" అన్నాడు. వెతికించా.

పరీక్ష తేలికే, అన్నీ ఆప్షన్లు. పాసైన వెంటనే తాత్కాలిక సర్టిఫికెట్ వచ్చింది, క్లాక్ టవర్ దగ్గర ప్రింట్ తీయించుకున్నా. కార్డుకు గడువు లేదు, రెన్యువల్ బాధ లేదు. అయితే ఒకటి చెప్పాలి. ఇది కాగితం మాత్రమే, చెయ్యి తిరగడం వేరే. స్టీరింగ్ ముట్టుకోకుండానే పాసయ్యా. అక్కడికి పోయాక ముందు ఖాళీ నీళ్లలో, ట్యూబ్ లేకుండా, బావ పక్కన కూర్చుంటేనే నడుపుతానని ఒప్పందం చేసుకున్నా.

ఆ ఆదివారం సాగర్ పోయి, నాగార్జునకొండ లాంచీ ఎక్కా. అక్కడ కూడా కోర్సు చదివిన కళ్లతోనే చూస్తున్నా. జాకెట్లు అందరికీ ఇచ్చారు. లాంచీ కదిలిన కాసేపటికి బకిల్స్ ఊడాయి, సెల్ఫీలో చీర కనపడట్లేదట. 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర మునిగిన బోటును టీవీలో రోజుల తరబడి చూసినోళ్లమే అందరం.

ఒడ్డున తన పుట్టిని బోర్లించి ఆరబెడుతున్న పెద్దాయనకు నా సర్టిఫికెట్ సంగతి చెప్తే నవ్వాడు. "ఎనక సూసేటోడు ఉండాలెనని గూడ రాసిన్రా? మేం వల గుంజేటప్పుడు నేను తెడ్డు పడ్త, మా ఆడామె వల మీద కన్నేస్తది. ఇద్దరు ముందుకే సూస్తె వల కొట్కపోతది."

ఈ కార్డు సాగర్‌లో చెల్లుతుందా అని దోస్తులు అడుగుతున్నారు. చెల్లదు. మన దగ్గర మోటారు బోట్లకు 2021 ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టం ఉంది. బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ (బోటును పరీక్షించి ఇచ్చేది), ఇన్సూరెన్స్ కావాలి, నడిపేవాళ్లకు విడిగా అర్హత సర్టిఫికెట్లు. పవర్ బోటు చేత్తో నేర్చుకోవాలంటే గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది. నేను తిరిగొచ్చాక ఆలోచిస్తా.

నిన్న బావ ఫోన్ చేశాడు. అద్దం ఆర్డర్ పెట్టాడట, ఇక అక్కను బలవంతంగా ఎక్కించే పని లేదన్నాడు. అద్దం బిగించు బావా, అక్క కూడా రావాల్సిందే అన్నా. పక్కనే ఉందేమో, "నేను ఎనక్కి తిరిగే కూసుంట, ముందర నీళ్లు కనబడయి, నాకదే మంచిది" అని అక్క గొంతు వినపడింది.