డ్రెడ్‌లాక్స్: దువ్వి కట్టాలా, వదిలేయాలా?

సాఫీ జుట్టును దువ్వడం మానేస్తే అదే చిక్కుపడి తాళ్లలాంటి జడలు (డ్రెడ్‌లాక్స్) కడుతుంది, కాకపోతే ఏడాది దాటొచ్చు. రింగుల జుట్టుకి అంత పట్టదు. ఆగలేనివాళ్లకే బ్యాక్‌కోంబింగ్, అంటే ఎదురు దువ్వి చిక్కు పెట్టడం. అంగుళం చదరానికో పాయ తీసి, కొస బిగించి పట్టుకుని, సన్నపళ్ల ఇనుప దువ్వెనతో మాడుకు అర అంగుళం ఎడంగా మొదలుపెట్టి కుదుళ్లవైపే దువ్వాలి. చిక్కు గట్టిపడ్డాకే కొసవైపు జరగాలి. తొందరపడితే పైకి జడలా కనిపించినా లోపల డొల్లే; నాలుగు తలస్నానాలకే ఊడొస్తుంది. మైనం మాత్రం వద్దు, మురికి పట్టేసి ఎంత కడిగినా వదలదు.

వదిలేసే పద్ధతిలో తంటా వేరు. పక్కపక్క పాయలు కలిసి అట్టకడతాయి. తలంటుకున్న ప్రతిసారీ మాడు దగ్గర వేళ్లతో విడదీయాల్సిందే. అయినా నా ఓటు దీనికే: కుదుళ్ల మీద లాగుడు ఉండదు. ఏ పద్ధతైనా తడి జడలతో పడుకుంటే ముక్కవాసన ఖాయం, వానాకాలంలో మరీను.